పరుగు తీసే గుండె, గడియారం కట్టిన గుండె

మద్రాసు సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్లే లోకల్ బండి బేసిన్ బ్రిడ్జి దాటగానే వ్యాసర్పాడి జీవా స్టేషన్‌లో ఆగుతుంది. ఆ తర్వాత పెరంబూరు. మిల్లు పనికనీ, రైల్వే పనికనీ సరిహద్దు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఈ రెండు స్టేషన్ల చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. మా వీధి చివరి ఇంట్లో ఉండే అవ్వది అలాంటి కుటుంబమే. ఆమె భర్త బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లులో పనిచేశాడు. 1996లో ఆ మిల్లు మూతపడింది. ఆయనా పోయాడు. అవ్వ మాత్రం వీధి అరుగు మీద కూర్చుని బడికి పోయే పిల్లలందరినీ పేరు పెట్టి పలకరిస్తూ ఉంటుంది.

కొన్నేళ్ల కిందట అవ్వకు పేస్‌మేకర్ అమర్చారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి నేను చూడబోతే, "టీచరమ్మా, నా గుండెకు గడియారం కట్టినారు. ఇంగ భయం లేదు" అని నవ్వింది. గడియారం అన్న మాట నాకు బాగా నచ్చింది. అయితే ఆరునెలలు తిరక్కుండానే, రక్తం పలచబడటానికి రోజూ వేసుకోవలసిన మాత్రను ఆమె మానేసింది. "యంత్రం పెట్టినారు కదమ్మా, ఇంగ మాత్రెందుకు?" అన్నది ఆమె లెక్క. ఒకనాడు తెల్లవారుజామున నీళ్ల చెంబు ఆమె కుడిచేతిలోంచి జారిపడింది. మాట ముద్దయిపోయింది. పక్షవాతం.

ఆ సమయంలో యంత్రం చక్కగానే పనిచేస్తూ ఉంది. నిమిషానికి ఇన్నిసార్లని పెట్టిన లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. మరి ఎందుకిలా జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే, పరుగెత్తే గుండెకు పగ్గం వేయడానికి మనుషులు పడిన తంటాల చరిత్ర కొంత తెలుసుకోవాలి.

గుండెలో నాలుగు గదులుంటాయని బడిలో పిల్లలకు చెబుతాం. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కర్ణిక అంటే చెవి వంటిది. ఇంగ్లీషులో ఆరికిల్ అన్న పాత మాటకూ అదే అర్థం. రెండు భాషల వాళ్లకూ ఆ గది పక్కన వేలాడే చిన్న సంచి చెవిలాగే కనిపించిందన్న మాట. ఈ చెవిని కాస్త గుర్తుంచుకోండి. అవ్వ కథలో దీనికి పెద్ద పాత్ర ఉంది.

కుడి కర్ణిక గోడలో పుట్టే సన్నని విద్యుత్ ప్రేరణ మొదట కర్ణికలను, తర్వాత జఠరికలను ముడుచుకునేలా చేస్తుంది. కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, కవాటం చెడినవారిలో ఈ క్రమం తప్పుతుంది. కర్ణికలు ముడుచుకోవడం మాని గాలికి రావాకు అదిరినట్టు అదురుతూ ఉంటాయి. నిమిషానికి 350 నుంచి 600 ప్రేరణలు పుడతాయి. దీన్నే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మనం ఈ ప్రసంగంలో కర్ణికల వణుకు అందాం. ఆ ప్రేరణలన్నీ కిందికి దిగితే మనిషి నిమిషాల్లో పోతాడు. దిగనివ్వకుండా మధ్యలో ఒక కణుపు కాపలా కాస్తుంది. కర్ణికా జఠరికా కణుపు అని దాని పేరు. బేసిన్ బ్రిడ్జి దగ్గర నాలుగు దిక్కుల బండ్లను ఆపి ఒక్కొక్కటిగా వదిలే సిగ్నల్ క్యాబిన్ లాంటిది అది. అయినా వణుకు మొదలైనప్పుడు నిమిషానికి 120, 150 కొట్టుకోవడం మామూలే. అదీ తాళం తప్పి. నాడి పట్టుకుంటే ఒకటి గట్టిగా, ఒకటి బలహీనంగా, ఒకటి అసలు అందకుండా ఉంటుంది.

చావుకు దగ్గరైన జంతువుల గుండెలో తక్కినవన్నీ ఆగాక కూడా కర్ణిక అదురుతూ ఉండటాన్ని విలియం హార్వే 1628లోనే రాశాడు. మందు మాత్రం ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి, ఒక ముసలమ్మ వల్ల దొరికింది. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒంటికి నీరు పట్టినవాళ్లకు ఒక వృద్ధురాలు ఇస్తున్న రహస్య కషాయం గురించి 1775లో విలియం విదరింగ్ అనే వైద్యుడి అభిప్రాయం అడిగారు. అందులో ఇరవైకి పైగా మూలికలున్నాయి. పనిచేసేది ఒక్కటే, ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క ఆకు అని ఆయన గుర్తుపట్టాడు. పదేళ్లు పరీక్షించి 1785లో పుస్తకం వేశాడు. దాని నుంచే డిజిటాలిస్, డిగాక్సిన్ మందులు వచ్చాయి. నాటువైద్యం అని తీసిపారేయకుండా, అలాగని కళ్లు మూసుకుని మింగించకుండా, మోతాదు కొలిచి మేలూ కీడూ రెండూ రాసిపెట్టిన విదరింగ్ పద్ధతి మన దగ్గర కూడా ఇంకా బాగా నేర్చుకోవలసిందే.

ఆ మందు ఎలా పనిచేస్తుందో ఆయనకు తెలియదు. తెలియడానికి ఇంకో నూటపాతికేళ్లు పట్టింది. 1906లో జర్మనీలోని మార్బర్గ్‌లో చదువుకుంటున్న జపాను వైద్యుడు సునావో తవారా ఆ మధ్య కణుపును వర్ణించాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అసలు ప్రేరణ పుట్టే చోటును చూపించారు. ఫ్లాక్ అప్పటికి వైద్య విద్యార్థి. నేలలో బొరియలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండెను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంటే అది అతని కంటపడింది. హాలెండులో ఐంథోవెన్ ఇ.సి.జి. యంత్రాన్ని తయారుచేశాడు. ఆ గీతలను చూసి 1909లో లండనులో థామస్ లూయిస్, ఈ తాళం తప్పిన నాడికి కారణం కర్ణికల వణుకేనని, అది అరుదైన జబ్బు కాదని తేల్చాడు.

అప్పటికి గానీ విదరింగ్ మందు మర్మం బయటపడలేదు. డిజిటాలిస్ కర్ణికల వణుకును ఆపదు. సిగ్నల్ క్యాబిన్‌లోని మనిషికి కాస్త నిద్రమత్తు తెప్పిస్తుంది, అంతే. బండ్లు నెమ్మదిగా వదులుతాడు. వణుకు వణుకుగానే ఉంటుంది, కింది గదుల వేగం మాత్రం తగ్గుతుంది. తర్వాత 1960లలో వచ్చిన ప్రొప్రనలాల్, వెరపమిల్ వంటి మందులు కూడా ఈ జబ్బులో వేగాన్ని తగ్గించేది ఆ క్యాబిన్ దగ్గరే.

ఇక యంత్రం సంగతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పేస్‌మేకర్ పుట్టింది వేగంగా కొట్టుకునే గుండె కోసం కాదు, ఆగిపోయే గుండె కోసం. మధ్య కణుపు చెడితే పైనుంచి ప్రేరణ కిందికి రాదు. గుండె నిమిషానికి ముప్ఫైకి పడిపోతుంది, మనిషి స్పృహ తప్పుతాడు. స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకు రోజుకు ఇరవై ముప్ఫై సార్లు ఇలా జరిగేది. ఆయన భార్య ఎల్స్ మరీ, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌నూ సర్జన్ ఓకె సెన్నింగ్‌నూ వెంటపడి వేధించింది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా ఆస్పత్రిలో మొట్టమొదటిసారిగా మనిషి ఒంటిలోపల పేస్‌మేకర్ అమర్చారు. దాన్ని పోతపోయడానికి అచ్చుగా వాడింది బూటు పాలిష్ డబ్బా! మొదటి యంత్రం కొన్ని గంటలకే ఆగింది, వెంటనే రెండోది పెట్టారు. లార్సన్ జీవితంలో ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుని, ఆ ఇంజనీరు కన్నా, ఆ సర్జన్ కన్నా ఎక్కువ కాలం బతికి, 2001లో 86వ ఏట వేరే జబ్బుతో పోయాడు. 1972లో లిథియం బ్యాటరీ వచ్చాక మాటిమాటికీ మార్చే బాధ తగ్గింది.

అయితే పేస్‌మేకర్‌కు తెలిసిన విద్య ఒక్కటే. గుండె ఆలస్యం చేస్తే తట్టి లేపడం. గుండె తనంతట తాను నిమిషానికి 150 కొట్టుకుంటుంటే అది చేతులు కట్టుకుని చూస్తూ ఉంటుంది. పరుగెత్తే ఎద్దుకు ములుగర్రతో పనేముంది? మరి అవ్వకు ఎందుకు పెట్టినట్టు?

దీనికి జవాబు ఒక ప్రమాదంలోంచి వచ్చింది. 1979లో ఫ్రాన్సులో ఒక రోగి గుండెలో తీగ పెట్టి పరీక్ష చేస్తుండగా అవసరం పడి బయటినుంచి విద్యుత్ షాక్ ఇచ్చారు. ఆ కరెంటు పొరపాటున లోపలి తీగలోకి కూడా పోయి మధ్య కణుపును శాశ్వతంగా దెబ్బతీసింది. ఆ వార్త చదివినవారిలో కొందరికి అది ప్రమాదంగా కాక, ఒక మార్గంగా కనిపించింది. మందులకు లొంగని వణుకు ఉన్నవాళ్లలో ఆ కణుపును మనమే కావాలని కాల్చేస్తే? అంతకుముందు 1960ల చివర్లో ఇదే పనిని కొందరు సర్జన్లు రొమ్ము కోసి చేశారు. కానీ జబ్బుతో నీరసించినవాళ్లు అంత పెద్ద ఆపరేషన్ తట్టుకోలేరు. 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్‌మన్ బృందం తొడ దగ్గరి రక్తనాళం గుండా తీగ పంపి ఆ పని చేసింది. 1982లో ఆ వివరాలు అచ్చయ్యాయి. 1980ల చివరికి షాక్ పోయి, రేడియో తరంగాల వేడితో కణుపును మెల్లగా కాల్చే పద్ధతి వచ్చింది. రేడియోలో మాట్లాడుతూ ఈ మాట చెప్పడం నాకు కొంచెం సరదాగా ఉంది.

ఇప్పుడు జరిగిందేమిటో చూడండి. ఏ జబ్బు నుంచి కాపాడటానికి పేస్‌మేకర్ పుట్టిందో, ఆ జబ్బునే వైద్యులు చేతులారా కలిగించి, ఆ తర్వాత పేస్‌మేకర్‌కు గుండెను అప్పగిస్తున్నారు. పట్టాలు పీకేసి, ఇవతలి స్టేషన్ నుంచి వేరే బండి నడపడం వంటిది. పైన ఎన్ని వందల ప్రేరణలు పుట్టినా ఒక్కటీ కిందికి రాదు. కింది గదులు యంత్రం చెప్పిన వేగంతో, తాళం తప్పకుండా కొట్టుకుంటాయి. నాలుగడుగులు వేస్తే రొప్పినవాళ్లు మెట్లెక్కుతారు. నడిచినప్పుడు కదలికను పసిగట్టి వేగం పెంచే యంత్రాలు కూడా 1980లలోనే వచ్చాయి.

కాని వెనక్కి తిరిగే దారి లేదు. ఆ రోజు నుంచి మనిషి ప్రాణం ఆ చిన్న డబ్బా మీద, దాని తీగ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే దీన్ని ఎక్కువగా వయసు మళ్లినవారికి, మందులు సరిపడనివారికి చివరి మార్గంగానే చేస్తారు. 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యుడు మిషెల్ హైసగేర్, ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మొదట్లో వణుకుకు బీజం ఉంటుందని చూపాక, కొంతమందిలో వణుకునే ఆపే చికిత్స మొదలైంది. అది వేరే కథ.

ఇంకొక చిక్కు కూడా తేలింది. కుడి జఠరిక కొసన తీగ పెట్టి ఏళ్ల తరబడి కొట్టిస్తే కొందరిలో గుండె కండరం బలహీనపడుతుంది. సహజమైన దారిలో ప్రేరణ పోకపోవడమే కారణం. కనుక సహజమైన దారినే పట్టుకుందామని 2000లో అమెరికాలో ప్రమోద్ దేశ్‌ముఖ్ బృందం వణుకు ఉన్న రోగులకే హిస్ కట్ట అనే నాడీమార్గం మీద తీగ పెట్టి చూపింది. 2017లో చైనా వైద్యుడు హువాంగ్ వేజియాన్ బృందం ఇంకొంచెం కిందికి, ఎడమ కట్ట దగ్గరికి వెళ్లింది. మన పక్కన మదురైలో షణ్ముగసుందరం పొన్నుస్వామి వంటి వైద్యులు ఈ పద్ధతిలో పేరు తెచ్చుకున్నారు. రెండు జఠరికలనూ ఒకేసారి కొట్టించే యంత్రంతో పాటు కణుపును కాల్చినవారిలో, మందులు మాత్రమే వాడినవారిలో కన్నా మరణాలు తక్కువని 2021లో యూరపు పరిశోధన ఒకటి తేల్చింది. అందులో ఉన్నది 133 మందే. అయినా ఇది చివరి మార్గమే అన్న మాటను మళ్లీ ఆలోచించేలా చేసింది.

ఇక అవ్వ దగ్గరికి వద్దాం. ఆమె కథ యంత్రంతో మొదలు కాలేదు, గొంతునొప్పితో మొదలైంది. ఇరుకు ఇళ్లలో పిల్లలకు వచ్చే ఒక రకం గొంతునొప్పికి సరిగా మందు పడకపోతే కొందరిలో రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్లు వాచి తగ్గిపోతాయి, గుండె కవాటం మాత్రం చెడుతుంది. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. వైద్యుడు చెప్పిన ప్రకారం మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటే కవాటం మరింత చెడకుండా కాపాడుకోవచ్చు. బెంచీ మీద కూర్చుని రొప్పే పిల్లను చూసి సోమరితనం అనుకున్న ఉపాధ్యాయుల్లో నేనూ ఒకదాన్ని. అవ్వ ద్విపత్ర కవాటం అలా బిగుసుకుపోయిందే. యుక్తవయసు దాటాక బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. కానీ ఏళ్ల తరబడి ఒత్తిడి భరించిన ఎడమ కర్ణిక అప్పటికే సాగిపోయింది. సాగిన కర్ణిక వణకడం మొదలుపెట్టింది.

ఇలాంటివాళ్లకు మన ప్రాంతం ఒక విధంగా అదృష్టవంతమైనదే. వేలూరు సి.ఎం.సి.లో 1961లోనే గుండె తెరిచి ఆపరేషన్ చేశారు. జనం పెరంబూరు రైల్వే ఆస్పత్రి అని పిలిచే దక్షిణ రైల్వే ఆస్పత్రిలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొట్టమొదటి బైపాస్ ఆపరేషన్ చేశారు. మా వ్యాసర్పాడికి అది ఒక్క స్టేషన్ దూరం. తిరుపతి స్విమ్స్ 1993 నుంచి ఉంది. వైద్యం దొరకడం ఒకటి, దొరికిన వైద్యం ఏమిటో రోగికి అర్థం కావడం ఇంకొకటి. రెండోదానికి ఇంకా అంత మంచి చరిత్ర లేదు. తమిళంలో చెప్పింది తెలుగు అవ్వకు సగం అర్థమవుతుంది. ఇంగ్లీషు చీటీ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

ఆమెకు అర్థం కాని సంగతి ఇదీ. కణుపును కాల్చినా, యంత్రం పెట్టినా, పైన కర్ణికలు వణుకుతూనే ఉంటాయి. కదలని నీటికి పాచి పట్టినట్టు, ముడుచుకోని కర్ణికలో, ముఖ్యంగా ఇందాక చెప్పిన చెవిలాంటి సంచిలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ తెగి మెదడుకు పోతే పక్షవాతం. యంత్రానికి కింది గదుల వేగం తెలుసు, పై గదిలోని గడ్డ తెలియదు. గడ్డకట్టకుండా చూసేది ఆ మాత్ర ఒక్కటే.

ఇది ఒక్క అవ్వ పొరపాటే కాదు. 2002లో అమెరికా, కెనడాలలో 4,060 మంది మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. వణుకును ఆపాలని చూడటం మంచిదా, వేగాన్ని మాత్రం అదుపులో పెట్టడం మంచిదా అన్నది అక్కడి ప్రశ్న. వేగాన్ని అదుపు చేసినవాళ్లకు అదనపు నష్టమేమీ కలగలేదు. దానికన్నా నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. రెండు గుంపుల్లోనూ పక్షవాతం వచ్చినవారిలో ఎక్కువమంది, రక్తం పలచబడే మందు మానేసినవారో, అది సరిపడా మోతాదులో లేనివారో. 2010లో హాలెండువారు 614 మందిని పరీక్షించి, నిమిషానికి 110 లోపు ఉంచితే చాలని, 80కి దించాలని పట్టుబట్టడం వల్ల అదనపు లాభం కనిపించలేదని చూపారు. వేగం విషయంలో కొంత సడలింపు ఉంది. గడ్డ విషయంలో లేదు.

రుమాటిక్ కవాటం ఉన్నవారికి మరొక మాట. పరీక్ష అవసరం లేని కొత్త మాత్రలు వచ్చాయని విని మార్చమని అడిగేవాళ్లున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు గణేశన్ కార్తికేయన్ తదితరులు 24 దేశాల్లో నాలుగున్నర వేల మందిపై చేసిన పరిశోధన 2022లో వచ్చింది. రుమాటిక్ గుండె జబ్బు, వణుకు రెండూ ఉన్నవారిలో కొత్త మాత్ర రివరొక్సబాన్ కన్నా పాత మందులే ప్రాణాలను ఎక్కువగా కాపాడాయి. కాబట్టి మన వైపు చాలామందికి తెలిసిన అసిట్రోమ్ వంటి పాత మాత్ర, దానితో పాటు నెలనెలా ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష, ఇంకా అవసరమే. ఆకుకూరలు ఆ మందుతో తగవు పెట్టుకుంటాయి. మానెయ్యక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే లెక్కన తినాలి. ఒక వారం మునగాకు కుప్పలుగా, మరుసటి వారం అసలే లేకుండా ఉంటే లెక్క తప్పుతుంది.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పవలసిన విషయం మరొకటి. పేస్‌మేకర్ ఉన్న మనిషి పోతే, దహనానికి ముందు దాన్ని తీయించాలి. లోపలి బ్యాటరీ మంటల్లో పేలుతుంది. ఇంట్లోవాళ్లు ఆ సంగతి ఆస్పత్రిలోనే చెప్పాలి. అవ్వకే ఈ మాట చెప్పాను. "నన్నప్పుడే సాగనంపతా ఉండావా?" అని నవ్వింది.

ఆమెకు కుడిచెయ్యి ఇప్పుడు సగం స్వాధీనంలోకి వచ్చింది. మాట కొంచెం తడబడుతుంది గానీ పిల్లల పేర్లు మరిచిపోలేదు. నెలకొకసారి ఆమె మనవడు పరీక్ష చీటీ తెస్తే, అందులోని అంకెను ఒక పాత నోటుబుక్కులో తేదీ వేసి నేను తెలుగులో రాస్తాను. రెండుకూ మూడుకూ మధ్య ఉండాలని వైద్యులు చెప్పారు. మొన్న 2.4 వచ్చింది. "అయితే గోంగూర తినొచ్చునా టీచరమ్మా?" అంది. ఎప్పుడూ తినేంత తినమన్నాను.